ఆ ఫోను నాకే వచ్చింది

ఐదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మా బావమరిది గురించి వివరాలు అడుగుతూ ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. అది నాకే వచ్చింది. నేనే ఎత్తాను, నేనే మాట్లాడాను, రెండు నిమిషాల్లో పెట్టేశాను. తర్వాత ఇంట్లో అడిగారు, ఫోను ఏమైనా వచ్చిందా అని. రాలేదన్నాను.

మా బావమరిదికి ఆస్ట్రేలియా వీసా ఎందుకు రాలేదన్నదాని మీద మా బంధువుల్లో మూడు కథలు నడుస్తున్నాయి. కన్సల్టెన్సీ పెట్టుకోకపోవడమే తప్పని కొందరంటారు. ఆస్ట్రేలియా వాళ్లకు మనవాళ్లు పడరని కొందరంటారు. మూడోది మా బావమరిది భార్య ఫారం తప్పుగా నింపిందని. ఐదేళ్లలో మొదటి రెండూ వెనకబడి, మూడోదే నిలిచింది. మూడూ అబద్ధమే. నాలుగోది నాకొక్కడికే తెలుసు కాబట్టి నేనే రాయాలి.

ములుగు రోడ్డులో నాకొక లేత్ షాపు ఉంది. మా నాన్న మగ్గం నేసేవాడు. నేను నూలు వదిలి ఇనుము పట్టుకున్నాను. పవర్లూముల షాఫ్టులు, పప్పు మిల్లుల పళ్ల చక్రాలు, జిన్నింగు మిల్లుల రోలర్లు, ఏది విరిగితే దాన్ని ముందు పెట్టుకుని అలాంటిదే కొత్తది కోసి ఇవ్వడం మా పని. నేను ఈ పని ఎవరి దగ్గరో చూసి నేర్చుకున్నాను. మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, ఐటీఐలో చదివి వచ్చాడు. ఇరవై ఏడేళ్ల వయసులో మా షాపులో రెండో మిషను ముందు నిలబడ్డాడు. ఆ ఫోను వచ్చేనాటికి పదకొండేళ్లుగా అక్కడే నిలబడి ఉన్నాడు.

మొదట్లో నేను చెప్పేవాణ్ణి, అతను వినేవాడు. ఎప్పుడు మారిందో చెప్పలేను గానీ ఎప్పుడు తెలిసిందో చెప్పగలను. కేసముద్రం నుంచి ఒక పప్పు మిల్లు సేటు విరిగిన చక్రం తెచ్చాడు. నా మిషను ఖాళీగా ఉంది. అతని మిషను మీద వేరే పని నడుస్తోంది. "ఇటు తేండి సేటూ" అన్నాను. ఆయన చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"తొందరేం లేదు. మీ బామ్మర్ది ఖాళీ అయినంక ఇస్త" అన్నాడు.

రెండు గంటలు కూర్చున్నాడు. నేను రెండు గంటలూ నా మిషను తుడుస్తూనే ఉన్నాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. బావమరిదిని పనివాడనరు. ఎవరైనా "మీ టర్నరా?" అని, అంటే లేత్ పనివాడా అని, అడిగితే "టర్నరేంది, మా బామ్మర్ది. ఇంటి మనిషి" అనాలి. హాజరు పుస్తకంలో మిగతా ఇద్దరు పనివాళ్ల పేర్లు ఉంటాయి, అతని పేరు ఉండదు. రాస్తే మా ఆవిడ ఊరుకోదు, "నా తమ్ముణ్ణి కూలోళ్లల్ల కలుపుతవా?" అంటుంది. జీతం అనే మాట కూడా ఉండేది కాదు. ప్రతి నెలా మా ఆవిడ చేత ఇంటి ఖర్చుకని పంపించేవాణ్ణి. అందరికీ అది మర్యాదే. నాకు మర్యాదతో పాటు ఇంకొకటి కూడా. ఇంటి మనిషి అంటే అతని పేరు మీద పనితనం ఉండదు. పనితనమంతా షాపుది, షాపు నాది.

ఆస్ట్రేలియా ఆలోచన అతనిది కాదు, అతని భార్యది. ఆమె నాకు చెల్లెలి వరస, అట్లాగే పిలుస్తాను. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. లేత్ పని తెలిసినవాళ్లు ఆ దేశానికి కావాలని, చేతిపని మీద కుటుంబం మొత్తానికి వీసా ఇస్తారని ఎక్కడో చదివింది. సుబేదారిలో కన్సల్టెన్సీ వాళ్లను ఒకసారి కలిసి, వాళ్లడిగిన ఫీజు విని, "గీ ఫారాలు నింపెటందుకు గంతనా? నేనే నింపుత" అని ఇంటికొచ్చింది. నింపింది కూడా. భర్తను పొద్దున ఐదింటికి లేపి ఇంగ్లీషు చదివించేది. వంటింటి గోడకు ఆస్ట్రేలియా పటం అంటించి, మిషను పనులు ఎక్కువున్న ఊళ్లకు బొట్టు బిళ్లలు పెట్టింది. నాలుగు ఎర్రవి, ఒకటి ఆకుపచ్చది. పిల్లలు ఆ ఊళ్ల పేర్లు చదువుతూ అన్నం తినేవాళ్లు.

ఆదివారాలు మేం వాళ్లింటికి వెళ్లేవాళ్లం. నేను పటానికి వీపు తిప్పి కూర్చునేవాణ్ణి.

"ఏమయ్యా, అటు మొకం పెట్టి కూసున్నవేంది? సూడు, మా తమ్ముడు గీ ఆకుపచ్చ బొట్టు కాడికి పోతాండు" అనేది మా ఆవిడ. "నువ్వేమో ఇరవయ్యేండ్ల సంది నన్ను గీ పక్కనున్న పాలకుర్తి గుట్ట ఎక్కిస్త ఎక్కిస్త అనుడే."

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు.

నా వీధిలో ఎవరో విమానం ఎక్కితే నాకేం అనిపించదు. ఆ మాటకొస్తే సంతోషిస్తాను కూడా. కానీ నా పక్క మిషను మనిషి, నేను కొనిచ్చిన టూలుతో కోసేవాడు, నా పళ్లెంలో చెయ్యి పెట్టి ముద్ద తీసుకునేవాడు వెళ్తాడంటే అట్లా ఉండలేకపోయేవాణ్ణి. మిషను చప్పుడులో ఆ ఊసు వినపడేది కాదు కాబట్టి ఎప్పుడూ మిషను నడిపిస్తూ ఉండేవాణ్ణి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒకరోజు బేరింగులు తేవాలని మా ఆవిడకు చెప్పి, ఇస్త్రీ చొక్కా వేసుకుని సుబేదారి వెళ్లాను. అదే కన్సల్టెన్సీ. కౌంటరులో ఉన్న అమ్మాయి పని అడిగింది, చెప్పాను. ఎన్నేళ్ల అనుభవం అంది. ఇరవై రెండు అన్నాను. ఆమె మొహం వెలిగింది. వయసు అడిగింది.

"నలభై ఆరు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "నలభై ఐదు లోపు ఉండాలండీ" అంది. తర్వాత నా మొహం చూసి కాబోలు, "మీ ఇంట్లో ఇదే పని చేసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? వాళ్లకు చూద్దాం" అంది.

"ఎవ్వరు లేరు" అన్నాను.

అది నా మొదటి అబద్ధం. రెండోదానికి అప్పటికింకా నాలుగు నెలలుంది.

ఆ నాలుగు నెలల్లో నేను వాళ్లకు సాయమే చేశాను. పని చేస్తున్నట్టు వీడియో పంపాలంటే ఫోను పట్టుకున్నది నేనే. "బావా, చేతులే రావాలె, మొకం వద్దు" అన్నాడు. నలభై నిమిషాలు అతని చేతులనే చూశాను. ఇనుప పొట్టు తెగకుండా పొడుగ్గా, చుట్టలు చుట్టుకుంటూ రాలింది. నా చేతుల కింద పొట్టు అట్లా రాలదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. నలభై నిమిషాలు కదలకుండా చూడడం మాత్రం అదే మొదటిసారి.

తర్వాత చెల్లె ఉత్తరం టైపు చేయించి తెచ్చింది. షాపు తరఫున నేను సంతకం పెట్టాల్సిన ఉత్తరం. పదకొండేళ్లుగా, వారానికి ఆరు రోజులు, ఏయే మిషన్ల మీద ఏమేం చేస్తాడో వరుసగా ఉంది. ఆమె ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. అన్నీ నిజాలే. నా ఇరవై రెండేళ్ల పని గురించి ఎవ్వరూ ఎప్పుడూ అట్లా రాయలేదు.

"అన్నయ్యా, హాజరు బుక్కుల పేరు లేకపాయె, జీతం చిట్టీలు లేకపాయె. మాకు ఉన్నదల్లా గీ ఉత్తరమే" అంది. "వాళ్లు ఫోన్ చేసి అడుగుతరట. గిదే చెప్తె సాలు."

"చెప్పనా మరి? నువ్వు ఫికర్ చెయ్యకు చెల్లె" అన్నాను. సంతకం పెట్టి, షాపు ముద్ర గట్టిగా గుద్దాను.

ఫోను వచ్చిన రోజు బావమరిది షాపులో లేడు. కేసముద్రం పోయాడు, ఆ సేటు మిల్లులోనే కొత్త చక్రానికి కొలతలు తీసుకోవడానికి. పంపింది నేనే. పొద్దున ఆ సేటు ఫోనులో నాతో అన్నాడు, "నీ బామ్మర్దినే తోలు. ఆయన పోయేలోపు రెండు చక్రాలు ఎక్కువ చేయించి పెట్టుకుంట. తర్వాత మాకెవరున్నరు?" అని. నేనున్నాను కదా అని ఆయనకు తోచలేదు. నాకు అనబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతుంటే ఫోను మోగింది. ఒక ఆడమనిషి, హిందీలో మాట్లాడింది. మర్యాదగా తానెవరో, ఎందుకు చేస్తున్నదో చెప్పింది. బావమరిది పేరు చెప్పి, ఈయన మీ దగ్గర ఏం పని చేస్తారని అడిగింది.

"ఘర్ కా ఆద్మీ హై మేడం" అన్నాను. "మేరా సాలా హై."

ఇంటి మనిషి, నా బామ్మర్ది అని. ఇంతవరకు పద్ధతి. ఎవరడిగినా పదకొండేళ్లుగా చెప్తున్న మాటే అది, నాలుక మీద దానంతటదే వచ్చింది. అక్కడితో ఆపి, ఆమె తర్వాతి ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పి ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

ఆమె ఓపికగా మళ్లీ అడిగింది. రోజూ పనికి వస్తారా, పూర్తి సమయం మిషను మీదనే ఉంటారా అని.

నేను ఎదురుగా చూశాను. రెండో మిషను ఖాళీగా ఉంది. అతని నీలం చొక్కా మేకుకు వేలాడుతోంది.

"కభీ కభీ" అన్నాను. "మదద్ కర్తా హై."

అప్పుడప్పుడు సాయం చేస్తాడు. అంతే అన్నాను. ఇప్పుడు షాపులో ఉన్నారా అని అడిగింది. లేడన్నాను. అదీ నిజమే. ఆమె ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. నేను అన్నం తిన్నాను. ఆ పూట సహించింది. దాన్ని కూడా రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

సాయంత్రం అతను ఎండకు కమిలిపోయి వచ్చాడు. చేతిలో సంచీ నిండా సీతాఫలాలు. "అక్కకియ్యి బావా. మెత్తగైనయి నువ్వు తిను, గట్టియి అక్క బియ్యంల పెట్టుకుంటది" అన్నాడు. కొలతలు రాసిన కాగితం నా ముందు పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటాయి అతని కొలతలు. ఆ పండ్లు నేను తిన్నాను.

ఒకటిన్నర నెలకు జవాబొచ్చింది. పిల్లలిద్దరితో కలిసి నలుగురూ మా ఇంటికి వచ్చారు. చెల్లె ఫోనులో చదివి వినిపించింది. చెప్పిన పని పూర్తి సమయం చేసినట్టు నిర్ధారణ కాలేదట.

"అన్నయ్యా, మీకు ఫోనేమన్న వచ్చిందా?" అని అడిగింది.

"రాలే చెల్లె."

"మిస్సుడు కాలేమన్న?"

"వస్తే చెప్పనా?"

ఆమె ఫారం మళ్లీ తెరిచి కిందికీ మీదికీ జరిపింది. ఒకచోట ఆగింది. యజమానితో బంధుత్వం ఉందా అనే ప్రశ్నకు ఉందని రాసింది. అక్క భర్త అని.

"చుట్టమని ఎందుకు రాసినవే?" అన్నాడు బావమరిది. "సొంతోళ్లు దొంగ కాయితం రాసిచ్చిండ్లు అనుకున్నరు వాళ్లు."

"అడిగిండ్లు, రాసిన. అబద్ధం ఎట్ల రాయాలె?"

"నీ నిజాయితీ సల్లగుండ! లెక్కలు చెప్పుకునేదానివి లెక్కలు చెప్పుకోక, నీకెందుకే గివన్ని? కన్సల్టెన్సోళ్లకు ఇస్తె అయిపోవు."

మా ఆవిడ తమ్ముడి వైపే మాట్లాడింది. నేను లేచి బయట బండి తుడిచాను. వాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే మళ్లీ ఫోను వస్తుంది, ఈసారి సరిగ్గా చెప్తాను అనుకున్నాను. ఒట్టు కూడా పెట్టుకున్నాను, లోపల. కానీ చెల్లె ఇక ఆ ఫైలు ముట్టుకోలేదు. ఇంగ్లీషు పరీక్ష గడువు దాటింది. అతనికి నలభై నిండాయి, వయసుకిచ్చే పాయింట్లు తగ్గాయి. మరుసటి జూన్‌లో వాళ్ల చిన్నవాడి సైన్సు నోటుబుక్కుకు నీలం అట్ట కనిపించింది. తిప్పి చూస్తే సముద్రం, మూలకు ఆకుపచ్చ బొట్టు బిళ్ల.

నాకు కావలసింది నాకు దక్కింది. అతను రెండో మిషను దగ్గరే ఉన్నాడు. అయినా అసూయ పోలేదు. పోతుందనుకున్నాను. సేట్లు ఇప్పటికీ స్టూలు మీద కూర్చుని అతని కోసమే ఆగుతారు. వెళ్లిపోయి ఉంటే ఆ కుళ్లు కూడా అతనితో పోయేదేమో. నేనే పట్టి ఎదురుగా నిలబెట్టుకున్నాను.

చెల్లెలో ఒక మార్పు వచ్చింది. అది మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. రేషన్ కార్డులో పేరు మార్పుకు కాగితం వస్తే, "వాళ్లనే రాయమను" అనేది. పిల్లల బడి ఫారాలు భర్తకిచ్చేది. బ్యాంకులో చీటీ కూడా పక్కవాళ్ల చేత రాయించేది. వందమంది పిల్లలకు లెక్కలు దిద్దే మనిషి. అడిగితే నవ్వి, "నా చెయ్యి కలిసి రాదు" అనేది.

ఈ ఎండాకాలం వాళ్ల అమ్మాయి పదో తరగతి పాసైంది. నాకు కోడలి వరస. కాలేజీ దరఖాస్తు పట్టుకుని నలుగురూ మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ చాయ్ పెట్టింది. ఫారం బల్ల మీద ఉంది.

"ఎవరు రాస్తరు?" అంది మా ఆవిడ.

"మా ఇంటామెకు మాత్రం ఇయ్యకుండ్రి" అన్నాడు బావమరిది. "ఆమె రాస్తె కాలేజే మూతపడ్తది."

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది చెల్లెనే. ఐదేళ్లుగా ఆ మాటకు ఆమె అట్లాగే ముందు నవ్వుతుంది, ఇంకెవరూ ఎక్కువ నవ్వకుండా. ఆ సంగతి నాకు ఆ రోజు తెలిసింది. పెన్ను నా వైపు జరిపింది.

"మీరు రాయుండ్రి అన్నయ్యా. మీ చెయ్యి మంచిది."

పెన్ను తీసుకున్నాను. అమ్మాయి పేరు రాశాను. పుట్టిన తేదీ రాశాను. తండ్రి పేరు రాశాను. దాని కింద గడి: తండ్రి వృత్తి.

అదే ప్రశ్న. ఈయన ఏం పని చేస్తారు?

"ఏం రాయమంటవ్ రా?" అన్నాను బావమరిదితో. ఎందుకడిగానో తెలియదు.

"ఏముంది బావా, నీ షాపుల ఉంట కదా. ప్రైవేటు అని రాయి."

టర్నర్ అని రాశాను. పక్కన పదహారేళ్ల అనుభవం అని కూడా రాశాను. గడిలో పట్టక బయటికి వచ్చింది.

"అయ్యో మామా, గట్ల రాయొద్దు, ఖరాబైతది!" అంది కోడలు.

"ఖరాబైతె నేను రాసిన కాబట్టి అయితది" అన్నాను. "చెల్లె, నీ ఫారంల ఏ తప్పు లేకుండె. ఆ ఫోను నాకొచ్చింది."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఏ ఫోను అని మా ఆవిడ అడిగింది. చెప్పాను. ఢిల్లీ అన్నాను, మధ్యాహ్నం అన్నాను, వాడు కేసముద్రంలో నా పనే చేస్తుండె అన్నాను. ఫోనులో ఆమె ఏమడిగిందో, నేను హిందీలో ఏమన్నానో అట్లాగే చెప్పాను. కభీ కభీ అన్న మాట వచ్చినప్పుడు బావమరిది చాయ్ కప్పు కింద పెట్టాడు.

"ఇంటి మనిషి అనబోయి నోరు జారినవా బావా?" అని అడిగాడు. నన్ను తప్పించడానికి అతనే ఒక దారి చూపించాడు. పద్ధతి దారి. ఐదేళ్లు నేను దాక్కున్నది అక్కడే.

"లేదు. ఇంటి మనిషి అన్నది అలవాటు. కభీ కభీ అన్నది కావాలనే అన్న."

అతను లేచి వాకిట్లోకి పోయాడు. మా ఆవిడ నన్ను చూసి, చూడలేక, తమ్ముడి వెనక పోయింది. పిల్లలు తల్లి వైపు చూస్తున్నారు. ఆమె ఫారం వైపు చూస్తోంది.

"ఎందుకన్నయ్యా?" అంది చివరికి. గొంతులో కోపం లేదు, లెక్క ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు అడిగింది.

"మీరు పోతాంటె ఓర్వలేకపోయిన."

"మరి నేను అడిగిన కదా. గప్పుడన్న చెప్పకపోయిండ్రా?"

"అందరు నీ తప్పన్నరు, నువ్వూ పడ్డవు. నా బరువు అల్కగైంది."

ఆమె కళ్లు నిండాయి. తుడుచుకోలేదు. వాకిట్లో ఉన్నవాళ్లకు వినపడాలని గొంతు పెంచాను. అతనికి నలభై ఐదు నిండడానికి ఇంకా రెండేళ్ల గడువుంది, ఎక్కడ రాసిమ్మంటే అక్కడ రాసిస్తానని, ఎవరికి చెప్పమంటే వాళ్లకు చెప్తానని అన్నాను. అది క్షమాపణ కాదని నాకే అర్థమైంది.

పెన్ను ఆమె చేతి పక్కన పెట్టాను.

"నీ చేతిల దోషం లేదు చెల్లె. నేను చేసిన తప్పు ఐదేండ్లు నీ నెత్తి మీద మోసినవ్, నేను సూసుకుంట కూసున్న. నన్ను మాఫ్ చెయ్యి."